‘ఒప్పుకుంటున్నాను’ అన్నది ఎవరు?

2018 జూన్‌లో హైదరాబాద్ పోలీసులు ఒక సిమ్ కార్డుల దుకాణదారును పట్టుకున్నారు. అతని షాపు పెద్దపల్లి జిల్లా ధర్మారంలో ఉండేది. జగిత్యాల జిల్లా పొలిమేర దాటితే వచ్చే మండల కేంద్రం అది. అతను ఏ కంప్యూటర్‌లోనూ దొంగతనంగా చొరబడలేదు. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో ఉన్న భూమి దస్తావేజులు దించుకున్నాడు. వాటిలో అమ్మినవాళ్ల, కొన్నవాళ్ల ఆధార్ నంబర్లు, పక్కనే బొటనవేలి ముద్రలు ఉన్నాయి. ఆ ముద్రలను రబ్బరు స్టాంపులు తయారు చేసే మిషన్‌తో అచ్చు తీశాడు. రబ్బరు ముద్రను బయోమెట్రిక్ యంత్రం మీద పెడితే యంత్రం నమ్మింది. అలా వేల సిమ్‌లు యాక్టివేట్ అయ్యాయి. ఇదంతా దేశద్రోహానికో, బ్యాంకు దోపిడీకో కాదు, సిమ్‌ల అమ్మకాల టార్గెట్ అందుకోవడానికి!

నాలుగేళ్లకు, 2022లో, సైబరాబాద్ పోలీసులకు ఇంకో ముఠా దొరికింది. వాళ్లు ఇదే పని ఆంధ్రప్రదేశ్ దస్తావేజుల మీద చేశారు. ఈసారి సిమ్‌లతో ఆగలేదు. ఆధార్ నంబరు, వేలిముద్ర ఉంటే ఊళ్లోనే డబ్బు తీసిచ్చే ఏఈపీఎస్ పద్ధతిని వాడుకుని జనం ఖాతాల్లోంచి సొమ్ము లాగారు.

ముద్ర వేసిన రైతుకు తన వేలు ఇంటర్నెట్‌కు ఎక్కిందని తెలియదు. ఎక్కించిన శాఖకు అది తప్పని తోచలేదు. రిజిస్టరైన దస్తావేజును ఎవరైనా చూడొచ్చన్నది 1908 నాటి చట్టం నుంచి వస్తున్న పద్ధతి. కచేరీకి పోయి, అర్జీ పెట్టి, రుసుం కట్టి, గుమాస్తా వెతికి ఇచ్చేదాకా బెంచీ మీద కూర్చోవలసిన రోజుల్లో ఆ పద్ధతి వల్ల ఎవరికీ పెద్దగా హాని జరగలేదు. ఆ శ్రమే ఒక కాపలా. అది పోయాక మరో కాపలా పెట్టాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు.

వెబ్‌సైట్లు, యాప్‌లు రాసుకునే గోప్యతా విధానాలన్నీ ఒక మనిషిని ఊహించుకుని రాసినవి. అతని చేతిలో సొంత ఫోను ఉంటుంది. ఇంగ్లీషు వస్తుంది. చదివే తీరిక ఉంటుంది. నచ్చకపోతే సైటు మూసేసి ఇంకో చోటికి పోతాడు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లో ఇలాంటి మనుషులు లేరని కాదు. కానీ ప్రభుత్వ సైట్ల చుట్టూ, బ్యాంకు సైట్ల చుట్టూ, వీసా సైట్ల చుట్టూ ఎక్కువగా తిరగవలసి వచ్చేది వాళ్లు కాదు. బీడీలు చుట్టే ఆమె దరఖాస్తును మీసేవ ఆపరేటర్ నింపుతాడు. మస్కట్ పోయే కుర్రాడికి పాస్‌పోర్టు స్లాటు ఇంటర్నెట్ సెంటర్ వాళ్లు బుక్ చేస్తారు. మరమగ్గం కార్మికుడి రేషన్ కార్డు ఈకేవైసీ డీలరు దగ్గర. ఫోన్ నంబరు అడిగితే కొడుకుది ఇస్తారు, లేకుంటే పక్కింటి పిల్లది. ఒక్కోసారి సెంటర్ వాళ్లదే పడుతుంది. ఓటీపీ ఆ ఫోనుకే పోతుంది. ‘నియమ నిబంధనలు చదివి ఒప్పుకుంటున్నాను’ అన్న గడిలో టిక్ పెట్టిన వేలికి, దరఖాస్తు మీద ఉన్న పేరుకు సంబంధం ఉండదు.

కంప్యూటర్‌తో పాలన అనే మాట దేశంలో చాలా చోట్లకు చేరకముందే తెలుగు నేల మీద పుట్టింది. 1998లో రిజిస్ట్రేషన్లకు ‘కార్డ్’, 2001లో ఈసేవ, 2011 నవంబరులో మీసేవ. లంచం తగ్గింది, తిరుగుడు తగ్గింది. కుల ధ్రువపత్రం కోసం తహసీల్ ఆఫీసు గుమ్మం పట్టుకుని నిలబడిన వాళ్లకు ఆ తేడా బాగా తెలుసు. ఈ వ్యాసంలోని ఫిర్యాదులేవీ ఆ మేలును కాదనేవి కావు. చిక్కల్లా ఒకటే. కచేరీకి, మనిషికి మధ్య కొత్తగా వచ్చి నిలబడిన ఆ కౌంటరు దగ్గర సమాచారానికి ఏ కట్టుబాటు ఉండాలో ఎవరూ రాయలేదు. స్కాన్ చేసిన పాస్‌బుక్కు కంప్యూటర్‌లో ఎన్నాళ్లు ఉంటుంది? వాట్సాప్‌లో పంపించుకున్న ఆధార్ ఫొటోను పని అయ్యాక తీసేస్తారా? అడిగేవాళ్లు లేరు కాబట్టి చెప్పేవాళ్లూ లేరు.

ఊళ్లో అందరి సంగతులూ అందరికీ తెలుసు, ఇక్కడ గోప్యత ఏమిటి, అది పట్నపోళ్ల ముచ్చట అని కొట్టిపారేసే వాళ్లు ఉన్నారు. ఈ ప్రాంత చరిత్ర తెలిసిన వాళ్లు ఆ మాట అనలేరు. భూస్వాములకు ఎదురు నిలిచి రైతు కూలీలు తీసిన జగిత్యాల జైత్రయాత్ర జరిగింది 1978 సెప్టెంబరు 7న. మరుసటి నెలలోనే ప్రభుత్వం సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. మీటింగుకు ఎవరు పోయారు, ఏ ఇంట్లో ఎవరికి అన్నం పెట్టారు, ఏ పిల్లగాడు కాలేజీ మానేసి కనిపించకుండా పోయాడు, ఇలాంటివన్నీ ఆ తర్వాతి దశాబ్దాల్లో ప్రాణం మీదికి తెచ్చే సమాచారం. పోలీసులకు చెప్పారని ఒక వైపు, చెప్పలేదని ఇంకో వైపు మనుషులు దెబ్బలు తిన్న ఊళ్లు ఇవి. తన గురించి ఎవరి దగ్గర ఏం రాసి ఉందో అన్న బెంగ ఇక్కడి పెద్దలకు ఇంటర్నెట్ నేర్పింది కాదు.

ఆ కాలపు నీడ ఈ మధ్య మళ్లీ కనిపించింది. మావోయిస్టుల కదలికలు కనిపెట్టే పనిలో ఉండే స్పెషల్ ఇంటెలిజెన్స్ బ్రాంచిలో కూర్చుని రాజకీయ ప్రత్యర్థులు, వ్యాపారులు, జర్నలిస్టుల ఫోన్లు విన్నారన్న ఆరోపణతో 2024 మార్చిలో కేసు నమోదైంది. మొదట సస్పెండై అరెస్టయిన అధికారి అప్పటికి సిరిసిల్ల జిల్లా క్రైమ్ రికార్డ్స్ బ్యూరోలో డీఎస్పీ. 2023 డిసెంబరులో ప్రభుత్వం మారే వేళ హార్డ్‌డిస్కులు ధ్వంసం చేశారన్నది అభియోగాల్లో ఒకటి. తేల్చవలసింది కోర్టు. ఒక అవసరానికి కట్టుకున్న నిఘా యంత్రం ఇంకో అవసరానికి ఎంత తేలిగ్గా తిరగగలదన్న అనుమానానికి మాత్రం ఆ ఆరోపణలే చాలు.

చట్టం ఈ విషయంలో నత్తనడక నడిచింది. కానీ ఆ నడకలో తెలుగు నేల నుంచి వెళ్లిన కేసులు రెండు గుర్తుంచుకోదగ్గవి. 1983లో సినీనటి సరిత ఎదుర్కొన్న కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తి జస్టిస్ పి.ఎ. చౌదరి, ఇష్టం లేని భార్యను కోర్టు ఉత్తర్వుతో కాపురానికి పంపడం ఆమె గోప్యత హక్కును తొక్కేయడమేనని హిందూ వివాహ చట్టంలో అందుకు వీలిచ్చే సెక్షన్‌ను కొట్టేశారు. మరుసటి ఏడాదే సుప్రీంకోర్టు ఆ అభిప్రాయాన్ని కాదంది. అయినా దేహానికి, ఇంటికి, గోప్యతకు ఉన్న ముడిని అంత సూటిగా చెప్పిన తీర్పు దేశంలో అప్పటికి అరుదు.

రెండోది హైదరాబాద్ జిల్లా రిజిస్ట్రార్‌కు, కెనరా బ్యాంకుకు మధ్య నడిచిన వ్యాజ్యం. స్టాంపు సుంకం ఎగవేతలు పట్టుకోవడానికని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చట్టాన్ని సవరించి, బ్యాంకుల్లో ఖాతాదారులు పెట్టుకున్న కాగితాలను ఎవరైనా తనిఖీ చేసి తీసుకుపోయే అధికారం ఇచ్చింది. కాగితం బ్యాంకుకు ఇచ్చేశాక ఇక దాని మీద ఖాతాదారుకు గోప్యత ఎక్కడిది అన్నది ప్రభుత్వ వాదన. 2004లో సుప్రీంకోర్టు ఆ సవరణను కొట్టేసింది. గోప్యత మనిషికి చెందినది, చోటుకు కాదు. నమ్మకంతో ఒకరి చేతికి ఇచ్చినంత మాత్రాన ఆ కాగితం లోకానికి ఇచ్చినట్టు కాదు. 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం పుట్టస్వామి కేసులో గోప్యతను ప్రాథమిక హక్కుగా నిలబెట్టింది. దాని ఖ్యాతి పెద్దది, న్యాయమే. కానీ జగిత్యాలలో జిరాక్స్ సెంటర్ బల్ల మీద ఆధార్ వదిలి వచ్చిన మనిషికి దగ్గరగా వచ్చే తీర్పు కెనరా బ్యాంకుదే.

తెలంగాణ వచ్చిన రెండున్నర నెలలకే, 2014 ఆగస్టు 19న, రాష్ట్రమంతా ఒక్క రోజులో సమగ్ర కుటుంబ సర్వే జరిగింది. బస్సులు బంద్, దుకాణాలు బంద్. భివండీ, సూరత్, ముంబైల నుంచి జనం రైళ్లు పట్టుకుని ఇళ్లు చేరారు. సర్వేలో పేరు లేకపోతే రేపు రేషన్ రాదు, పింఛను రాదు అన్న భయం వాళ్లను తరిమింది. హైకోర్టులో పిటిషన్ పడితే వివరాలు ఇవ్వడం ఐచ్ఛికమేనని ప్రభుత్వం చెప్పింది. ఐచ్ఛికమన్న ఆ సంగతి భివండీ దాకా చేరలేదు.

ఆ తర్వాత రాష్ట్రంలో శాఖలకు శాఖలు తమ తమ జాబితాలను ఒకదానితో ఒకటి కలిపే పని మొదలైంది. దాని పేరు సమగ్ర వేదిక. రేషన్ కార్డు, వాహన రిజిస్ట్రేషన్, కరెంటు మీటరు, ఆస్తి పన్ను, పింఛను, ఇలా వేర్వేరు చోట్ల ఉన్న పేర్లలో ఏ పేరు ఏ మనిషిదో కంప్యూటర్ పోల్చి చెబుతుంది. అనర్హులను ఏరడానికి వాడారు. 2014 తర్వాతి అయిదేళ్లలో తెలంగాణలో సుమారు 19 లక్షల ఆహార భద్రత కార్డులు రద్దయ్యాయి. వాటిలో దొంగ కార్డులు ఉన్నాయి, ఉండవలసినవీ ఉన్నాయి. హైదరాబాద్‌లో రిక్షా తొక్కి బతికిన ఒకాయన కుటుంబానికి కారు ఉందని కంప్యూటర్ తేల్చింది. దాదాపు అదే పేరున్న ఇంకొకాయన కారు అది. ఈ సంగతి 2024 జనవరిలో అల్ జజీరాలో రిపోర్టర్స్ కలెక్టివ్ వేసిన పరిశోధన కథనంతో దేశమంతా తెలిసింది. సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ వేసిన పిటిషన్ మీద 2022 ఏప్రిల్‌లోనే సుప్రీంకోర్టు, రద్దు చేసిన కార్డులన్నింటినీ ఇంటింటికీ పోయి మళ్లీ పరిశీలించమని ఆదేశించింది.

సమాచారం బయటికి పొక్కడమే ప్రమాదం అనుకునే వాళ్లకు ఈ ఉదంతం ఒక సవాలు. ఇక్కడ ఏదీ పొక్కలేదు. ఎవరూ దొంగిలించలేదు. ప్రభుత్వం దగ్గర ఉన్నది ప్రభుత్వం దగ్గరే ఉంది. ఒక పనికి ఇచ్చిన వివరం, అడగకుండా, చెప్పకుండా, ఇంకో పనికి పోయింది. ఆ పని తప్పయితే సరిదిద్దుకునే భారం మళ్లీ ఆ మనిషి మీదే పడింది. ఏ గుర్తింపు తప్పింది, ఏ జాబితాలో తన పేరు ఎవరితో కలిసింది అని అడిగితే డీలరుకు తెలియదు, తహసీల్దారుకు తెలియదు. ‘సిస్టంలో లేదమ్మా’ అన్నదే సమాధానం.

ఇక వెబ్‌సైట్‌లో అందరికీ కనిపించేలా పెట్టిన వివరాలు. 2017 మేలో సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ ఒక నివేదిక వేసింది. నాలుగు ప్రభుత్వ పోర్టళ్ల మీద 13 కోట్లకు పైగా ఆధార్ నంబర్లు, పది కోట్ల దాకా బ్యాంకు ఖాతా నంబర్లు ఎవరైనా చూసేలా పడి ఉన్నాయని అంచనా కట్టింది. ఆ నాలుగింటిలో రెండు ఆంధ్రప్రదేశ్‌వే. ఒకటి చంద్రన్న బీమా, ఇంకోటి ఉపాధి హామీ చెల్లింపులది. మరుసటి ఏడాది ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ సైటులో లక్షకు పైగా లబ్ధిదారుల ఆధార్, కులం, మతం, ఇల్లు ఎక్కడుందో చెప్పే గుర్తులు తెరిచి ఉన్నట్టు హైదరాబాద్ పరిశోధకుడు శ్రీనివాస్ కొడాలి బయటపెట్టారు. ఏ వీధిలో ఏ కులం వాళ్లు ఉన్నారో వెతుక్కోగల పట్టికను ఒక ప్రభుత్వం తన చేతులతో తయారుచేసి వాకిట్లో పెట్టింది.

అలాగని అన్నీ మూసేయాలా? ఇక్కడ ఆగి ఆలోచించాలి. ఉపాధి హామీలో సామాజిక తనిఖీని 2006 నుంచి పకడ్బందీగా నడిపిన ఖ్యాతి అప్పటి ఆంధ్రప్రదేశ్‌ది. తనిఖీ బృందం మస్టర్ (కూలీల హాజరు పట్టీ) పట్టుకుని ఊళ్లోకి వస్తుంది. గ్రామసభలో పేరు పేరునా చదువుతుంది. ఇన్ని రోజులు పని చేశావా, ఇంత కూలి ముట్టిందా అని అడుగుతుంది. చచ్చిపోయిన వాళ్ల పేరు మీద, దుబాయ్‌లో ఉన్న వాళ్ల పేరు మీద ఎత్తుకున్న కూలి ఇలాగే బయటపడింది. కోరుట్ల, మెట్‌పల్లి వైపు ఊళ్లలో చాలా ఇళ్ల మగవాళ్లు గల్ఫ్‌లో ఉంటే, మస్టర్‌లో వాళ్ల సంతకాలు కనిపించడం విడ్డూరమే కదా. ఆ పేర్లు అందరి ముందూ చదవకపోతే దొంగ దొరకడు. కూలి ఎంత, పని ఏది అన్నది ఊరికి తెలియాలి. ఆధార్ నంబరు, ఖాతా నంబరు ఊరికి అక్కర్లేదు. ఈ గీత గీయడం కష్టం కాదు. గీయకపోవడం అశ్రద్ధ.

అశ్రద్ధకు మందు వేయబోతే ఇంకో జబ్బు వచ్చింది. 2020 అక్టోబరు 29న మొదలైన ధరణి పోర్టల్‌లో పట్టాదారు తన భూమి వివరాలు ఇతరులకు కనిపించకుండా దాచుకునే వీలు ఇచ్చారు. భూమి ఎవరిదో పక్క రైతుకు, కౌలుదారుకు తెలియకుండా పోతే కబ్జాదారుకే చల్లగా ఉంటుందని రైతు సంఘాలు మొత్తుకున్నాయి. అదే పోర్టల్ వ్యవసాయేతర ఆస్తుల కోసం జనం ఆధార్, కులం, కుటుంబ సభ్యుల వివరాలు అడిగితే హైకోర్టు అడ్డుకుంది. ఏ చట్టం కింద అడుగుతున్నారు, ఎలా కాపాడతారు అన్న ప్రశ్నలకు ప్రభుత్వం దగ్గర సరైన జవాబు లేకపోయింది. కనిపించవలసిన హక్కుదారు పేరుకు ముసుగు, అక్కర్లేని కులానికి గడి! 2025లో భూభారతి చట్టం వచ్చి ధరణి పేరు పోయింది.

కాగితానికీ ఈ గొడవ ఉంది. 2023 డిసెంబరు 28 నుంచి పది రోజులు ప్రభుత్వ పథకాల కోసం ప్రజాపాలన దరఖాస్తులు తీసుకుంటే కోటీ పాతిక లక్షలకు పైగా వచ్చాయి. ఆధార్ నంబరు, ఫోన్ నంబరు, రేషన్ కార్డు నంబరు అన్నీ వాటిలో ఉన్నాయి. జనవరిలో హైదరాబాద్ బాలానగర్ ఫ్లైఓవర్ మీద ఆ దరఖాస్తులు గాలికి ఎగురుతూ కనిపించాయి. డేటా ఎంట్రీ కోసం బైకు మీద కట్టి తీసుకుపోతుంటే అట్టపెట్టె జారిపోయింది. అధికారుల మీద చర్య తీసుకున్నారు. మరి ఆ దరఖాస్తులను ఇళ్లకు తీసుకుపోయి టైపు చేసిన రోజుకూలీ ఆపరేటర్లు ఎవరు, వాళ్లు ఏం రాసిచ్చారు అన్నది చర్చకు రాలేదు. 2024 నవంబరులో కులగణన మొదలైనప్పుడు 75 అంశాల ఫారం పట్టుకుని టీచర్లు గడప ఎక్కితే, అప్పులెన్ని, ఆదాయమెంత అన్న గడుల దగ్గర చాలా ఇళ్లలో పెన్ను ఆగిపోయిందంటే వింత ఏముంది?

ఆధార్ జిరాక్స్ మీద జనానికి ఏం చెప్పాలో ప్రభుత్వానికే తేలలేదు. 2022 మేలో ఆధార్ సంస్థ బెంగళూరు ప్రాంతీయ కార్యాలయం, జిరాక్సులు ఎవరికి పడితే వారికి ఇవ్వకండి, చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి అని ప్రకటన వేసింది. రెండు రోజుల్లో కేంద్రం దాన్ని ఉపసంహరించింది. జనం అపార్థం చేసుకుంటారట. మామూలు జాగ్రత్త పాటిస్తే చాలట. అంత మంచి సలహాను వెనక్కి తీసుకున్న సందర్భం ఇంకోటి వెతికినా దొరకదు.

సిరిసిల్ల, కోరుట్లల్లో బీడీలు చుట్టే ఆడవాళ్ల వేళ్ల సంగతి వేరే చెప్పాలి. పొద్దంతా కత్తెర, తునికాకు, తంబాకు, దారం. ఏళ్ల తరబడి ఆ రాపిడిలో వేలి గీతలు అరిగిపోతాయి. 2,016 రూపాయల పింఛను కోసం పోస్టాఫీసులో యంత్రం మీద వేలు పెడితే ఎర్ర లైటు. ఈ వేలు కాదు, ఆ వేలు పెట్టవ్వా, కొంచెం తుడుచుకుని పెట్టు. ఇది బయోమెట్రిక్ యంత్రం ఉన్న ప్రతి ఊళ్లో వినిపించే మాటే. ఈ ఇబ్బంది తప్పించాలని 2025లో రాష్ట్రం పింఛన్ల పంపిణీలో ముఖ గుర్తింపు తెచ్చింది. రిటైరైన ఉద్యోగులకైతే అంతకు కొన్నేళ్ల ముందే సెల్ఫీ పంపితే బతికున్నట్టు ధ్రువీకరించే పద్ధతి ఉంది. ముసలివాళ్లకు తిప్పట తగ్గింది, కాదనలేం. అరిగిన వేలికి జవాబుగా మొహం తీసుకున్నారు. ఆ ఫొటోలు ఎక్కడ ఉంటాయి, ఎన్నాళ్లు ఉంటాయి, పింఛను ఇవ్వడానికి తప్ప మరెవరూ ముట్టుకోరా అన్న ప్రశ్నకు పోస్టాఫీసు గోడ మీద కాగితం అంటించి ఉండదు. హైదరాబాద్ వీధుల్లో పోలీసులు మొహాలు ఫొటో తీసి పోల్చడాన్ని సవాలు చేస్తూ హైకోర్టుకు వెళ్లిన పిటిషన్ కూడా మసూద్‌దే.

గల్ఫ్ దారిలో సమాచారం చేతులు మారినన్ని సార్లు ఇంకెక్కడా మారదు. వీసా వస్తుందన్న ఆశతో పాస్‌పోర్టు కాపీ, ఫొటో, మెడికల్ రిపోర్టు ఊళ్లో సబ్‌ ఏజెంటుకు ఇస్తారు. అతను జగిత్యాల ఏజెంటుకు, అతను ముంబైకి, అక్కడి నుంచి వాట్సాప్‌లో రియాద్‌కో షార్జాకో. లైసెన్సు ఉన్న ఏజెంట్ల జాబితా కేంద్రం ఈ-మైగ్రేట్ సైటులో ఉంది. ఊరి ఏజెంటు పేరు అందులో ఉండదు, అయినా పాస్‌పోర్టు ఆయన అల్మారాలోనే ఉంటుంది. అక్కడికి పోయాక సౌదీలో అబ్షర్ అనే ప్రభుత్వ యాప్ ఉంది. మనిషి దేశంలో ఉండటం, పోవడం, తిరిగి రావడం అంతా ఆ యాప్‌లో. 2021 మార్చి సంస్కరణలతో చాలా మంది కార్మికులు కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) దయ లేకుండా తామే ఎగ్జిట్ రీ-ఎంట్రీకి పెట్టుకునే వీలు వచ్చింది. ఇళ్లలో పనిచేసేవాళ్లు, ఇంటి డ్రైవర్లు, గొర్లు కాసేవాళ్లు, తోటమాలులు అందులోకి రాలేదు. ఈ జిల్లాల నుంచి పోయిన వాళ్లలో ఆ పనుల్లో ఉన్నవాళ్లు తక్కువ కాదు. యూఏఈలో 2022 జనవరి నుంచి, సౌదీలో 2023 సెప్టెంబరు నుంచి వ్యక్తిగత సమాచార రక్షణ చట్టాలు అమల్లోకి వచ్చాయి. ఖల్లివెల్లి అయి, అంటే యజమానిని వదిలి కాగితాలు లేకుండా, దాక్కుని పనిచేసే మనిషికి ఏ చట్టం పేరు చెప్పినా ఒకటే. అతను వెళ్లి ఫిర్యాదు చేయలేడు.

2023 జూన్‌లో టెలిగ్రామ్‌లో ఫోన్ నంబరు కొడితే కరోనా టీకా వివరాలు, టీకాకు చూపిన గుర్తింపు కార్డు నంబరు, కొందరికి పాస్‌పోర్టు నంబరు కూడా కనిపించాయి. టీకాల నమోదుకు పెట్టిన కోవిన్ పోర్టల్‌లోకి ఎవరూ చొరబడలేదని కేంద్రం అంది. గల్ఫ్ పోవడానికి టీకా సర్టిఫికెట్‌కు పాస్‌పోర్టు జోడించుకున్న వాళ్లు ఈ వైపు ఇంటికొకరు. తమ నంబరు అలా తిరిగిందో లేదో వాళ్లకు ఎవరూ ఉత్తరం రాయలేదు. రాయాలని అప్పటికి చట్టమూ లేదు. అదే ఏడాది మార్చి, ఏప్రిల్‌లలో సైబరాబాద్ పోలీసులు ఫరీదాబాద్ కేంద్రంగా నడిచిన ఒక వ్యాపారాన్ని పట్టుకున్నారు. 66.9 కోట్ల మంది, సంస్థల వివరాలు అక్కడ అమ్మకానికి ఉన్నాయని ప్రకటించారు. 2024లో పోలీసుల వంతు వచ్చింది. ఆపదలో ఉన్న ఆడవాళ్లు మీట నొక్కే హాక్ ఐ యాప్ సమాచారం ఇంటర్నెట్‌లో అమ్మకానికి కనిపించింది. పట్టుబడ్డవాడు ఇరవై ఏళ్ల విద్యార్థి.

ఇలా పోయిన నంబర్లు ఎవరి బల్ల మీదికి చేరతాయో చెప్పే ఉదంతం సిరిసిల్లలోనే ఉంది. ఉద్యోగమని విదేశానికి పంపిన కొడుకు కంబోడియాలో చిక్కుకున్నాడని 2024 మేలో ఒక తల్లి పోలీసులకు ఫిర్యాదు ఇచ్చింది. పంపిన ఏజెంటు జగిత్యాల జిల్లా వాడని దర్యాప్తులో తేలింది. రాయబార కార్యాలయం సాయంతో ఆ యువకుణ్ని విడిపించారు. అక్కడ అతనికి అప్పజెప్పిన పని మన దేశపు జనానికి ఫోన్లు చేసి మోసగించడం. పాస్‌పోర్టు లాక్కుని, కొట్టి, తిండి మాన్పి చేయించే పని. అంటే పేరు, ఊరు, బ్యాంకు పేరు చెప్పి ‘మీ ఖాతా ఆగిపోతుంది’ అని తెలుగులో బెదిరించే గొంతు ఒక్కోసారి పక్క మండలం పిల్లాడిదే కావచ్చు. రెండు వైపులా పోయినది ఈ జిల్లాల సమాచారమే, ఈ జిల్లాల మనుషులే.

లోన్ యాప్‌ల గాథ ఇప్పటికే అందరూ విన్నది కాబట్టి ఎక్కువ చెప్పక్కర్లేదు. 2020 చివర్లో తెలంగాణలో వరస ఆత్మహత్యలయ్యాక పోలీసులు కాల్‌సెంటర్ల మీద పడ్డారు. యాప్ వేసుకునేటప్పుడు కాంటాక్టులకు, ఫొటోలకు ఇచ్చిన అనుమతే ఉరితాడైంది. 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు, అప్పులిచ్చే యాప్‌లు కాంటాక్టులు, కాల్ లాగ్‌లు, ఫొటో ఫైళ్లు ముట్టకూడదని నిబంధన పెట్టింది. నిబంధనలు అంటే ఇలా ఉండాలి. చదివి ఒప్పుకున్నావు కదా అని నెపం మనిషి మీద వేయకుండా, నువ్వు అడగనే కూడదు అని అడిగేవాడి చెయ్యి పట్టుకుంది.

కేంద్రం తెచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ఆ దారిలో సగమే నడిచింది. 2023 ఆగస్టులో చట్టమైంది. నిబంధనలు రావడానికి 2025 నవంబరు పట్టింది. ముఖ్యమైన బాధ్యతలన్నీ పద్దెనిమిది నెలల తర్వాత, అంటే 2027 మేలో అమలవుతాయి. మంచి మాటలు ఉన్నాయి. నోటీసు తెలుగుతో సహా ఎనిమిదో షెడ్యూలు భాషల్లో ఏది కోరితే అందులో ఇవ్వాలి. సమాచారం పొక్కితే బాధితులకు చెప్పాలి. రక్షణ ఏర్పాట్లలో లోపం ఉంటే 250 కోట్ల దాకా జరిమానా. ఇచ్చిన సమ్మతిని వెనక్కి తీసుకోవచ్చు.

సమ్మతి అన్నది ఎవరి దగ్గర పనికొస్తుందో చూస్తే ఉత్సాహం కొంత తగ్గుతుంది. సబ్సిడీ, పింఛను, సర్టిఫికెట్ ఇచ్చేటప్పుడు ప్రభుత్వం సమ్మతి అడగనక్కర్లేదని ఏడో సెక్షన్‌లో వెసులుబాటు ఉంది. బీడీ కార్మికురాలికి, పింఛనుదారుకు, రేషన్ కార్డు పోయిన కుటుంబానికి తమ సమాచారంతో పడేది ముఖ్యంగా ప్రభుత్వంతోనే. బయటి దేశాలతో పోలిస్తే, 2018 నుంచి అమల్లో ఉన్న యూరప్ చట్టం కింద కంప్యూటర్ ఒక్కటే తీసుకున్న నిర్ణయాన్ని మనిషితో మళ్లీ చూపించమని అడిగే హక్కు ఉంది. సమగ్ర వేదిక లాంటి వ్యవస్థకు సరిగ్గా కావలసింది అదే. మన చట్టంలో అది లేదు. పైగా ఈ చట్టం సమాచార హక్కు చట్టాన్ని కూడా సవరించింది. వ్యక్తిగత సమాచారం అంటే చాలు అధికారి నిరాకరించవచ్చు. ప్రజాప్రయోజనం ఎక్కువైతే ఇవ్వవచ్చన్న వేరే సెక్షన్ మిగిలి ఉన్నా, ఆ సవరణ మాత్రం వెంటనే అమల్లోకి వచ్చింది. జనానికి రక్షణ పద్దెనిమిది నెలలు ఆగాలట, అధికారులకు తొలిరోజు నుంచే!

కౌంటరు సంగతి ఈ చట్టంలో నేరుగా లేదు. మీసేవ నిర్వాహకుడు ప్రభుత్వం తరఫున సమాచారం చూసుకునేవాడిగా లెక్కకు రావచ్చు. వీధి మూల ఇంటర్నెట్ సెంటర్ ఎవరి తరఫున? చేయదలిస్తే పని చిన్నదే. నింపిన ఫారాన్ని తెలుగులో చదివి వినిపించాలని, స్కాన్ చేసిన కాపీలు ఆ రోజే తీసేయాలని, సెంటర్ ఫోన్ నంబరు దరఖాస్తులో వేయకూడదని లైసెన్సు షరతుల్లో మూడు వాక్యాలు చేరిస్తే చాలు. పింఛను ఇచ్చే చోటే ఆధార్ బయోమెట్రిక్ తాళం వేసుకోవడం నేర్పవచ్చు. వేలిముద్రతో డబ్బు లాగే మోసాలకు అది గట్టి అడ్డు. ఇవేవీ ఢిల్లీ కోసం ఆగవలసినవి కావు, కలెక్టరేట్ స్థాయిలో అయ్యేవే.

నష్టపోయిన మనిషికి పరిహారం మాటేమిటి? కొత్త చట్టం కింద కట్టే జరిమానా కేంద్ర సంచిత నిధికి పోతుంది, బాధితుడికి ఒక్క రూపాయి రాదు. అంతకుముందు ఐటీ చట్టంలో 43ఏ అనే సెక్షన్ ఉంది. సున్నితమైన సమాచారాన్ని అశ్రద్ధగా చూసి నష్టం కలిగించిన కంపెనీ మీద, రాష్ట్ర ఐటీ శాఖ కార్యదర్శి ముందు పరిహారం కోరవచ్చు. అయిదు కోట్ల దాకా తేల్చే అధికారం ఆయనకు ఉంది. కొత్త చట్టం ఆ సెక్షన్‌ను ఎత్తేస్తుంది, కాకపోతే అది కూడా పద్దెనిమిది నెలల జాబితాలోనే ఉంది. కాబట్టి 2027 మే దాకా హైదరాబాద్‌లో ఆ తలుపు తెరిచే ఉంటుంది. జగిత్యాల, సిరిసిల్ల కోర్టుల్లో ప్రాక్టీసు చేసే యువ న్యాయవాదులకు ఇది చేతికందే పని.